ముందు ఎర్తింగ్ చూసుకో అల్లుడా

అల్లుడా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. "నీ అల్లుడు మూడు లక్షలు పెట్టి కంప్యూటర్ కార్డు కొంటాడట, నువ్వన్నా చెప్పు" అన్నాడు. కోపంగానే అన్నాడు. ఆ వెంటనే "వెంచరోళ్లు త్రీడీ వీడియోల కోసం హైదరాబాద్ పోకుండా వీడి దగ్గరికే వస్తున్నరు" అని కూడా అన్నాడు. ఆ ముక్క నీ ముందు అనడని తెలుసు, అందుకే రాస్తున్నాను.

నువ్వు చూస్తున్నది ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌టీఎక్స్ 5090 అని మావాడు చెప్పాడు. అత్తమ్మకు కార్డుల సంగతేం తెలుసనుకోకు. హనుమకొండలో స్టూడియో వెనక గదిలో పెళ్లి వీడియోల మిక్సింగ్ పదిహేనేళ్లు చేసింది నేనే. మీ మామయ్య కెమెరా పట్టేవాడు, అంతే.

కొనడంలో పెద్దగా చెప్పేదేం లేదు. బిల్లు తీసుకో. జీఎస్టీ నంబరుంటే కట్టిన 18 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే నువ్వు కట్టాల్సిన జీఎస్టీలో అంత తగ్గించుకోవచ్చు. జగిత్యాల చిన్నమామ దుబాయి నుంచి సూట్‌కేసులో తెస్తానన్నాడట. వారంటీ ఇక్కడ చెల్లుతుందని కంపెనీ వాళ్లు రాసిచ్చాకే ఊ అను.

ఇక నా సంగతి. 2006లో మేడారం జాతర అయిపోయి పెళ్లిళ్లు ఊపందుకున్న రోజులు. లక్ష రూపాయల చిట్టిని పాటలో 76 వేలకే ఎత్తి, అందులో 60 వేలు పెట్టి ఎడిటింగ్ కార్డు కొన్నాను. అప్పటిదాకా ఒక్క ఎఫెక్ట్ రెండరింగ్‌కు (కంప్యూటర్ ఆ బొమ్మలన్నీ తయారు చేయడానికి) పెట్టి, వెళ్లి అన్నం వండుకుని వచ్చేదాన్ని. కార్డు వచ్చాక బటన్ నొక్కితే పూలు రాలేవి, గుండె బొమ్మలో పెళ్లికూతురు తేలేది. సుబేదారి నుంచి కాజీపేట దాకా ఇలాంటిది ఎవరి దగ్గరా లేదని మురిసిపోయాను. బిగించడానికి వచ్చిన పిల్లవాడు "అక్కా, ఈ ఎస్‌ఎంపీఎస్ ఆగదు, పైగా గదికి ఎర్తింగే లేదు" అన్నాడు. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్‌కు కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా. అన్ని వేలు పోశాక ఇంకో మూడు వేలు అనేసరికి ఒళ్లు మండింది. క్యాబినెట్‌తో వచ్చిన నాసిరకం డబ్బానే ఉంచేశాను.

టేపుల దగ్గరా అదే పిసినారితనం. కెమెరాలో వేసే గంట మినీ డీవీ టేపు కంప్యూటర్ డిస్కులో 13 జీబీ దాకా తినేది. డిస్కులోకి ఎక్కించగానే అదే టేపు మీద మరుసటి పెళ్లి తీసేవాళ్లం. ఆ తెలివి కూడా నాదే.

ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. తిరిగి వచ్చినప్పుడు ఫ్యాను ఎన్నడూ లేనంత వేగంగా తిరిగింది, ట్యూబ్‌లైటు తెల్లగా మండింది, టప్పుమని చప్పుడు, కమురు వాసన. ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ కార్డునూ డిస్కునూ వెంట తీసుకుపోయింది. డిస్కులో ఉన్నది పరకాల వాళ్ల పెళ్లి. టేపు మీద అప్పటికే ఇంకొకరి పెళ్లి.

పెళ్లికూతురి తల్లి వచ్చింది. తిడుతుందని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. తిట్టలేదు. "అప్పగింతలన్నా రావా అమ్మా? ఏడ్చుకుంట పిల్ల మొకమే సరిగ చూడలే" అంది. డబ్బు తిరిగిస్తే లెక్కపెట్టకుండా కొంగున కట్టుకుని పోయింది. ఇప్పటికీ చౌరస్తాలో అలాంటి మనిషి కనబడితే రోడ్డు దాటి అవతలికి పోతాను. చచ్చిన కార్డుకు మరో పద్నాలుగు నెలలు చిట్టి కట్టాను.

ఇప్పుడు నీ కార్డు చూడు. అదొక్కటే 575 వాట్లు లాగుతుంది. ఎన్విడియానే 1000 వాట్ల పవర్ సప్లై పెట్టమంటోంది. 12 వోల్టుల మీద అంటే దాదాపు 48 ఆంపియర్లు, అదీ వేలెడంత కనెక్టర్‌లోంచి. 2022లో దీని ముందు మోడల్ 4090 వచ్చినప్పుడు కొందరికి ఆ కనెక్టర్లు కరిగాయి. ప్లగ్గు పూర్తిగా దిగక అలా అయిందని కంపెనీ అంది. 2025లో 5090 కొన్నవాళ్లలోనూ కొందరికి కరిగాయి. టక్కుమనే దాకా నొక్కు, కేబుల్‌ను మొదట్లోనే వంచకు. ఇంట్లో ఫ్యాన్లు నడిపే ఇన్వర్టర్‌కు దీన్ని తగిలించావో, వచ్చి వీపు పగలగొడతా. మే నెల ఎండల్లో ఆ గదిలో హీటర్ పెట్టుకున్నట్టే, ఏసీ ఖర్చు కూడా కలుపుకో.

అసలు నీకు అంత అవసరమా? ఈ వారం నీ పెద్ద వెంచర్ సీనును నీ త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో రెండరింగ్‌కు పెట్టి, కార్డు మెమరీ ఎంత నిండుతోందో చూడు. 16 జీబీ దాటకపోతే 5090లో ఉన్న 32 జీబీలో సగం ఊరికే కూర్చుంటుంది. అదే కంపెనీ చిన్న కార్డు 5070 టీఐకి 16 జీబీ, 300 వాట్లు. విడుదలప్పుడు మన దగ్గర దాని ధర 80 వేలు అన్నారు, 5090కి 2,14,000. వేగం తగ్గుతుంది, నిజమే. రాత్రి పెట్టి పడుకో. 5090 మధ్యలో కల్పించి ఇచ్చే ఫ్రేములు వీడియో గేములకే గానీ, వెంచర్‌లో నడిచి చూస్తున్నట్టు చూపే నీ వాక్‌త్రూ వీడియోకు పనికిరావు. (రాత్రి రెండింటి దాకా ఏం ఆడుతున్నావో మీ అమ్మ చెప్పిందిలే.) మెమరీ చాలక నెలనెలా పని ఆగుతుంటే మాత్రం 5090యే కొను. మీ బాపుకు నేను చెప్పుకుంటాను.

చిట్టి మాత్రం ఎత్తకు. డబ్బు తక్కువైతే నన్నడుగు. వడ్డీ వద్దు, ప్రతి పనినీ రెండు చోట్ల బ్యాకప్ పెడతానని మాటివ్వు.

ఆదివారం మా ఎలక్ట్రీషియన్‌ను పంపుతున్నాను. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేస్తాడు. ఎండాకాలం దానికి బిందెడు నీళ్లు పోస్తుండాలి. తవ్వేటప్పుడు దగ్గరుండు, మీ అమ్మ కరివేపాకు చెట్టుకు దూరంగా తవ్వించు. ఉప్పు తగిలి అది ఎండిపోతే ఆ తిట్లు నేను పడలేను.

మీ అత్తమ్మ