పూరీ తిన్న రోజు షుగర్ ఎప్పుడు చూసుకోవాలి?

చిరంజీవి మురళికి,

పెద్దమ్మ ఆశీస్సులు. షుగర్ వచ్చిందని తెలిశాక నువ్వు పూరీ మొహం కూడా చూడటం లేదని మీ అమ్మ బాధపడింది. అంత కఠినంగా ఉండక్కర్లేదు నాన్నా. అప్పుడప్పుడు తినొచ్చు. కాకపోతే ఇడ్లీ తిన్న రోజు చూసుకున్నట్టు చూసుకుంటే మాత్రం సరిపోదు.

అందరూ నూనెకే భయపడతారు గానీ షుగర్‌ని పెంచేది ముఖ్యంగా పిండి. 20 గ్రాముల గోధుమపిండితో చేసిన చిన్న పూరీలో సుమారు 14 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. నాలుగు తింటే 56 గ్రాములు, ఆలూ కూర దానికి అదనం. నూనె చేసే పని వేరు. అది తిన్నది పొట్టలోంచి త్వరగా కిందకి దిగనివ్వదు. అందుకే ఇడ్లీ తిన్నాక గంటా గంటన్నరలో పెరిగే షుగర్, పూరీ తిన్నాక మూడు నాలుగు గంటలకి కూడా పెరుగుతూ ఉండొచ్చు. రెండు గంటలకి 150 చూసి హమ్మయ్య అనుకుంటావు, మధ్యాహ్నం అన్నానికి కూర్చునే వేళకి అది 200 దాటి ఉండొచ్చు. కాబట్టి ఆ రోజు షుగర్ చూసుకునే మీటర్ స్ట్రిప్పులు రెండు ఖర్చుపెట్టు. మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి లెక్కేసుకుని రెండు గంటలకి ఒకటి, నాలుగు గంటలకి ఇంకొకటి. తిన్నాక మామూలుగా 180 లోపు ఉండాలంటారు, నీకు డాక్టర్ వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించు. వేలు గుచ్చే ముందు చేతులు కడిగి తుడుచుకో. పండు రసం వేలికి అంటుకుని ఉన్నా మీటర్ ఎక్కువ చూపిస్తుంది.

ఎన్ని తినాలన్నది కూర్చోకముందే తేల్చుకో. పొంగిన పూరీ ఒక్కొక్కటే వేడివేడిగా పళ్ళెంలో పడుతుంటే లెక్క ఎవరికీ గుర్తుండదు. రెండు పెట్టించుకుని, మిగతావి వంటింట్లోనే ఉండనివ్వు. ముందు కీరా ముక్కలు, కాస్త శెనగల కూర తిని ఆ తర్వాత పూరీ తుంచు. కూరగాయలు, పప్పుదినుసులు ముందు పడితే షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. శెనగల్లోనూ పిండిపదార్థం ఉంది, అయినా ఆలూ కన్నా అవే నయం. హోటల్ బటూరా జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది మైదా, పైగా ఒక్కటే మన పూరీలు రెండు మూడింటి పెట్టు.

పిండి గట్టిగా కలపమని అమ్మకి చెప్పు. చిటికెడు పిండి నూనెలో వేస్తే వెంటనే పైకి తేలాలి, అప్పుడు పూరీ వెయ్యాలి. కాగని నూనెలో వేస్తే పూరీ బాగా నూనె పీల్చేస్తుంది. తిన్నాక ఒక పావుగంట నడువు.

ఇక మందుల విషయం జాగ్రత్తగా విను. పూరీ తింటున్నాను కదా అని సొంతంగా ఇంకో మాత్ర వేసుకోకు. ముందు ముందు తిండికి ముందు ఇన్సులిన్ తీసుకోవాల్సి వస్తే, ఈ ఆలస్యం సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పు. తిండి ఇంకా దిగకముందే మందు పనిచేసి షుగర్ పడిపోయి, ఆ తర్వాత పెరగొచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, మీటర్‌లో 70 కన్నా తక్కువ కనిపిస్తే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్ళీ చూసుకో. ఆ సమయంలో చాక్లెట్టో ఇంకో పూరీయో తింటే పనికిరాదు, వాటిలోని కొవ్వు చక్కెరని ఒంట్లోకి త్వరగా చేరనివ్వదు. గ్లూకోజ్ పొట్లం ఒకటి బ్యాగులో ఎప్పుడూ ఉంచుకో. పూరీ తిన్న రోజుల అంకెలన్నీ టైముతో సహా రాసిపెట్టి, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు చూపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ