నరం దెబ్బతిన్న చిట్టెలుకల్లో డి-మానోజ్ పరీక్ష: కంట్రోల్‌గా (పోల్చి చూసే గుంపుకు) మామూలు నీళ్లు చాలవా?

చాలవు. డి-మానోజ్ అనే చక్కెరను తాగే నీళ్లలో కలిపిస్తే నరాల నొప్పి తగ్గుతుందా అని చూసే పరీక్ష ఇది. అయితే తీపి రుచి ఒక్కటే నొప్పిని కొంత తగ్గించగలదు. సూది వేసేముందు పసిపిల్లల నాలుక మీద చక్కెర నీళ్లు చుక్క వేసేది అందుకే. కాబట్టి నీళ్ల గుంపుతో పాటు గ్లూకోజ్ గుంపు కూడా పెట్టండి. మానోజ్, గ్లూకోజ్ రెంటి అణుభారమూ 180 కనుక లీటరుకు 200 గ్రాములంటే రెండింటి గాఢతా 1.1 మోలారే.

ద్రావణాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి. ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెడితే పసుపురంగుకు తిరుగుతుంది. రెండు మూడు రోజులకోసారి సీసా మార్చకపోతే గొట్టం మూతి దగ్గర జిగురు, బూజు పడతాయి. మార్చిన ప్రతిసారీ తూకం వేయండి. 25 గ్రాముల చిట్టెలుక రోజుకు 5 మి.లీ. తాగితే 1 గ్రాము లోపలికి పోయినట్టు, అంటే కిలోకు 40 గ్రాములు. చిట్టెలుక మోతాదును మనిషికి మార్చే అంకె 12.3తో భాగించి చూస్తే 60 కిలోల మనిషికి 195 గ్రాములు! ఏ కడుపూ తట్టుకోదు. చిట్టెలుకల్లోనూ విరేచనాలు, బరువు గమనిస్తుండాలి. నీరసించిన జంతువు కాలు వెనక్కి లాక్కోదు, దాన్ని మనం నొప్పి తగ్గిందని రాసుకుంటాం. తిరిగే కడ్డీ మీద నిలదొక్కుకోగలదో లేదో చూసే రోటారాడ్ పరీక్ష పెట్టేది అందుకే.

నరాన్ని దెబ్బతీసే సర్జరీకి ఎస్‌ఎన్‌ఐ (స్పేర్డ్ నర్వ్ ఇంజురీ, అంటే ఒక నరాన్ని వదిలేసి మిగతావి కోసే) మోడల్ నయం. కాలిలోని టిబియల్, కామన్ పెరోనియల్ నరాలను ముడేసి కోస్తారు, సూరల్ నరాన్ని ముట్టుకోరు, లాగరు. షామ్‌లో (పోలిక కోసం చేసే ఉత్తుత్తి సర్జరీలో) నరం కనపడేదాకా తెరిచి కుట్టేయడమే. చాలామంది పొరబడేది ఆ తర్వాత: స్పర్శకు ఎంత బలం దగ్గర కాలు లాక్కుంటుందో కొలిచే వాన్ ఫ్రే తీగను పాదం మధ్యలో గుచ్చుతారు. అక్కడి నరం తెగిపోయింది, స్పర్శే ఉండదు. సూరల్ పరిధి అయిన పాదం బయటి అంచునే తాకించాలి. జాలీ మీద గంటసేపు అలవాటు పడనిచ్చి, 0.02 నుంచి 1.4 గ్రాముల తీగలతో అప్-డౌన్ పద్ధతిలో (కాలు లాక్కుంటే తక్కువ బలం తీగకు, లాక్కోకపోతే ఎక్కువ బలం తీగకు మారుతూ), తీగ వంగేదాకా నొక్కి మూడు సెకన్లు ఉంచండి. సర్జరీకి ముందే రెండు మూడు రోజులు బేస్‌లైన్ (పోలికకు మొదటి కొలత) తీయండి.

సీసా కేజ్ మొత్తానికీ ఒకటే. నాలుగేసి చొప్పున మూడు కేజ్‌లు పెడితే మీ ఎన్ (విడివిడిగా లెక్కకొచ్చే నమూనాల సంఖ్య) పన్నెండు కాదు, మూడు. గుంపుకు ఎన్ని కేజ్‌లు కావాలో జంతు ప్రయోగాల అనుమతికి పెట్టే సీసీఎస్‌ఈఏ ఫారం-బి నింపేటప్పుడే లెక్కేసుకోండి. పరీక్షించేవారికి కేజ్ చూపించకండి, జిగురు సీసా చూస్తే గుంపేదో తెలిసిపోతుంది. వేరొకరు జంతువులను కోడ్ వేసిన డబ్బాల్లో తెచ్చివ్వాలి.

మానోజ్ సర్జరీకి ముందునుంచి ఇస్తారా, నొప్పి స్థిరపడ్డాక, సర్జరీ అయిన 14వ రోజునుంచా? మొదటిది నివారణ ప్రశ్న, రెండోది చికిత్స ప్రశ్న. ఒకే గ్రాఫ్‌లో కలపకండి.