మీరు అడిగారు: అందరికీ ఒకే ఫారమా?

ప్రశ్న: ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేయడం నా వృత్తి. క్లయింట్ల వివరాల కోసం గూగుల్ ఫారం తయారుచేశాను, నలభై దాకా ప్రశ్నలున్నాయి. సగంలోనే వదిలేసి "మీరే ఫోన్ చేసి రాసుకోండి సార్" అంటున్నారు. జీతం ఒక్కటే ఉన్నవాళ్లకి వ్యాపారం ప్రశ్నలు కనిపించకుండా చేయొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయొచ్చండీ, పైసా ఖర్చు లేకుండా. స్కూలు టీచర్ని పట్టుకుని జీఎస్టీ నంబరు అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడు, "లేదు" అని రాయాలో ఖాళీగా వదిలేయాలో తెలీక ఫారమే మూసేస్తాడు.

ముందు ప్రశ్నల్ని సెక్షన్లుగా విడదీయండి. మొదటి సెక్షన్లో పేరు, పాన్, ఫోన్ నంబరు, చివర్లో "మీకు ఆదాయం ఎక్కువగా ఎక్కడి నుంచి?" అన్న ప్రశ్న. దాని కింద మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కితే 'గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్' అని వస్తుంది. అది ఆన్ చేస్తే ప్రతి ఆప్షన్ పక్కనా ఎక్కడికి వెళ్లాలో ఎంచుకోవచ్చు. జీతం అన్నవాళ్లు ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ యజమాని ఇచ్చే కాగితం) గురించిన ప్రశ్నల దగ్గరికి, వ్యాపారం అన్నవాళ్లు టర్నోవర్ దగ్గరికి వెళ్తారు. చాలామంది బోల్తా పడేది ఆ తర్వాతే. జీతం సెక్షన్ అయిపోగానే ఫారం దానంతటది కింద ఉన్న వ్యాపారం సెక్షన్లోకి జారుకుంటుంది, ఎందుకంటే సెక్షన్ అడుగున 'కంటిన్యూ టు నెక్స్ట్ సెక్షన్' అనే ముందుగా ఉంటుంది, దాన్ని మీరు మార్చి నేరుగా బ్యాంకు వివరాలకో, సబ్మిట్‌కో పంపాలి. ఇంకో సంగతి, 'రిక్వైర్డ్' పెట్టడానికి జంకకండి, క్లయింటు అడుగుపెట్టని సెక్షన్లో తప్పనిసరి ప్రశ్న ఉన్నా అది అడ్డం పడదు.

ఇదంతా పది నిమిషాల పని. అసలు బుర్ర పెట్టాల్సింది ఏ ప్రశ్న మీద దారి చీల్చాలన్న దాని మీద. "మీరు ఎన్ఆర్ఐనా?" అని అడిగారనుకోండి, అక్టోబరు చివర్లో ఉద్యోగానికి డల్లాస్ వెళ్లిన కుర్రాడు కళ్లు మూసుకుని అవునని కొడతాడు. కానీ ఏప్రిల్ నుంచి లెక్కేస్తే ఆ ఆర్థిక సంవత్సరంలో అతను 182 రోజులు దాటి ఇక్కడే ఉన్నాడు, అంటే ఆ ఏడాదికి రెసిడెంటే, అక్కడ వచ్చిన జీతమూ ఇక్కడ చూపించాలి. ఆ ఒక్క టిక్కుతో ఫారం అతన్ని తప్పు దారిలోకి తీసుకెళ్తుంది, మీరు అడగాల్సినవేవీ అడగకుండానే అయిపోతుంది. అందుకే "ఈ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో ఎన్ని రోజులున్నారు? 182 కంటే తక్కువా, 182 లేదా ఎక్కువా?" అని అడగండి, లెక్క తేలకపోతే పాస్‌పోర్టులో స్టాంపులు చూసుకుంటాడు. రెసిడెంటా కాదా తేల్చడం మీ పని, దానికే కదా ఫీజు తీసుకునేది. పాత పన్ను విధానమా, కొత్తదా అన్నదీ అంతే. "ఎల్ఐసీ, పిల్లల ట్యూషన్ ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్ లాంటివి కడుతున్నారా?" అంటే ఎవరైనా చెప్తారు, ఏ విధానం లాభమో మీరు చూసుకోవచ్చు.

ప్రశ్న: మాది ఫంక్షన్ల డెకరేషన్ వ్యాపారం. హల్దీ, పెళ్లి మండపం, రిసెప్షన్ స్టేజీ, వీటిలో ఒకే క్లయింటు రెండు మూడు టిక్ చేస్తారు. టిక్ చేసినవాటికి సంబంధించిన ప్రశ్నలే రావాలంటే ఎలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గూగుల్ ఫారంలో చెక్‌బాక్స్ మీద దారి చీల్చడం కుదరదమ్మా, మల్టిపుల్ చాయిస్, డ్రాప్‌డౌన్ రెండింటికే ఆ సౌకర్యం. కాబట్టి గొలుసులా వెళ్లాలి: "హల్దీకి డెకరేషన్ కావాలా?" అవునంటే ఆ సెక్షన్, వద్దంటే "మండపం కావాలా?" అన్న సెక్షన్. కొంచెం సాగుతుంది గానీ పని జరుగుతుంది. అంత ఓపిక లేకపోతే టాలీ (అకౌంట్ల టాలీ కాదు, ఫారాల టాలీ వేరే), జాట్‌ఫారం లాంటివాటిలో చెక్‌బాక్స్ టిక్‌ని బట్టి ప్రశ్నలు అక్కడికక్కడే వస్తాయి, పోతాయి.

పూల రంగు, కుర్చీ కవర్లు అంటూ ప్రతిదానికీ ఓ వేరే దారి పెట్టకండి, అవి ఫొటోలు చూపిస్తూ మాట్లాడుకునేవి. మీ రేటు మార్చే వాటికే పెట్టండి. "ఎక్కడ?" అంటే ఫంక్షన్ హాల్ అన్నవాళ్లని హాలు మీ చేతికి ఎన్నింటికి ఇస్తారో, ముహూర్తం ఎన్నింటికో అడగాలి, ఎందుకంటే తెల్లవారుజాము ముహూర్తమైతే మీ పనివాళ్లు రాత్రంతా ఉండాలి. ఇంటి దగ్గరే అన్నవాళ్లని డాబా మీదా, వీధిలో షామియానానా, సందులోకి వ్యాన్ వస్తుందా అని అడగాలి. వ్యాన్ రాదంటే సామాను మోయడానికి మనుషుల్ని పెంచుకోవాలి, ఆ సంగతి ముందే తెలియడం మీకు మేలు.

ప్రశ్న: ఆధార్ కాపీ అప్‌లోడ్ చేయమంటే కొందరికి ఫారం తెరుచుకోవడం లేదు, ఎందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెడితే నింపేవాళ్లు గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాల్సిందే. అది వేరే సెక్షన్లో దాచినా సరే, లాగిన్ మొత్తం ఫారానికే అడుగుతుంది. కాబట్టి అప్‌లోడ్ కోసం రెండో ఫారం చేసి, నిజంగా కాపీ అవసరమైనవాళ్లకే ఆ లింకు పంపండి. అసలు ఆధార్ ఎందుకు కావాలో కూడా ఓసారి చూసుకోండి, 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం చెప్పిన పనికి అవసరమైనంతే తీసుకోమంటుంది. ఇక లింకు పంపేముందు మీరే ఒక్కో దారిలో ఒక్కో క్లయింటులా ఫారం నింపి చూడండి, ఆ టెస్ట్ జవాబులు తర్వాత తీసేయండి.