మూలకణాలతో గర్భం తొలి రోజుల పరిశోధన: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీ ఎమ్మెస్సీలో ఉంది. మూలకణాలతో గర్భం తొలి దశపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. ల్యాబులో పిల్లల్ని పుట్టించే పనా ఇది? ఉద్యోగాలుంటాయా? నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: పిల్లల్ని పుట్టించే పని కాదండీ, ఆ భయం వదిలేయండి. ఫలదీకరణ జరిగిన వారం తిరిగేసరికి పిండం గర్భాశయం గోడకు అతుక్కుంటుంది. అప్పటికి తల్లికే సంగతి తెలియదు, స్కానింగ్‌కూ అందదు. చాలా గర్భాలు నిలవకుండా పోయేది ఆ రోజుల్లోనే. కళ్లతో చూడలేని ఆ దశను మూలకణాలతో, అంటే ఇతర రకాల కణాలుగా మారగలిగే స్టెమ్ సెల్స్‌తో, కట్టిన నమూనాలో చూస్తారు. అయిదారు రోజుల పిండాన్ని పోలిన ఇలాంటి ‘బ్లాస్టాయిడ్’లను మనిషి కణాలతో చేసినట్టు 2021లో ఆస్ట్రేలియా, అమెరికా బృందాలు ప్రకటించాయి. వీటిని గర్భాశయంలో పెట్టకూడదని అంతర్జాతీయ మూలకణ పరిశోధన సంఘం మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయ (ప్లాసెంటా) మీద పని కూడా ఇందులో భాగమే. 2018లో కేంబ్రిడ్జి వాళ్లు మాయ కణాలతో బుల్లి ముద్దలు పెంచారు. వాటికి మందుల షాపులో దొరికే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తే పాజిటివ్ వచ్చింది! గర్భిణుల్లో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా మూలాలు మాయలోనే ఉన్నాయంటారు కాబట్టి ఈ ముద్దలు ఆటబొమ్మలేం కావు.

ఇక నా అసలు అనుమానం వేరే. పేరు ఘనంగా ఉన్నా పని మాత్రం చాకిరీ. మూలకణాలకు దాదాపు రోజూ పోషక ద్రవం మార్చాలి, ఆదివారమైనా పండగైనా. ఓ పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీస్తే గులాబీ రంగు ద్రవం మబ్బుపట్టి, పసుపు తిరిగి ఉంటుంది. బాక్టీరియా చేరిందన్నమాట. నెల పాటు పెంచినవన్నీ చెత్తబుట్టలోకే. అప్పుడు ఏడ్చి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టే పిల్లలే ఇందులో నిలబడతారు. అందుకే దరఖాస్తుకు ముందు రెండు మూడు నెలలు ఏదైనా సెల్ కల్చర్ (కణాలను పెంచే) గదిలో ప్రాజెక్టు చేయించండి. నచ్చకపోతే అక్కడే తేలిపోతుంది.

ఉద్యోగాల సంగతి: సెల్ కల్చర్ చెయ్యి తిరిగితే కణ చికిత్స, ఔషధ పరీక్షల కంపెనీల్లో అవకాశాలుంటాయి. ఐవీఎఫ్ ల్యాబులో పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టు కావాలంటే మాత్రం శిక్షణ వేరు, రెండూ ఒకటే అనుకోవద్దు. ప్రోగ్రామింగ్ కూడా కాస్త నేర్చుకోమనండి. ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసే డేటా కుప్పలుగా వస్తుంది, దాన్ని విప్పి చదవగలిగేవాళ్లు తక్కువ.

గైడ్‌ని కలిసినప్పుడు రెండే అడగమనండి: నైతిక కమిటీ అనుమతి చేతికొచ్చిందా, మీ దగ్గర చదివిన గత ముగ్గురు విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు?