పేగుల్లో బ్యాక్టీరియాకీ గర్భసంచి క్యాన్సర్‌కీ సంబంధం ఉందా? ప్రోబయోటిక్ వాడితే రాకుండా ఉంటుందా?

మీ అమ్మగారికి నెలసరి ఆగిపోయిందనీ, బరువు ఎక్కువనీ, ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉండే) గుళికలు కొనాలా అనీ అడిగారు. మా అమ్మకి గర్భసంచి లోపొరలోనే క్యాన్సర్ వచ్చింది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

సంబంధం ఉందన్నది ఉత్త పుకారేం కాదు. పని అయిపోయిన ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనుకి లివర్ గ్లూక్యురోనిక్ ఆమ్లం తగిలించి, విరేచనంలో పోవాలని పైత్యరసంతో పేగుల్లోకి పంపిస్తుంది. అక్కడి కొన్ని బ్యాక్టీరియా బీటా గ్లూక్యురోనిడేజ్ అనే ఎంజైముతో ఆ ముడి విప్పేస్తాయి. విడిపడిన ఈస్ట్రోజన్ మళ్లీ రక్తంలో కలుస్తుంది. ఈ పని చేసే బ్యాక్టీరియా జన్యువులకి 2011లో ప్లాటెల్, బ్లేజర్ అనే పరిశోధకులు ‘ఎస్ట్రోబొలోమ్’ అని పేరు పెట్టారు. ముట్లుడిగాక, దాన్ని అదుపులో పెట్టే ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోను ఉండదు, ఈస్ట్రోజన్ ఎక్కువైతే గర్భసంచి లోపొర మందమవుతూ పోతుంది, అది క్యాన్సర్‌కి దారితీయొచ్చు. అయితే ఆ వయసులో ఈస్ట్రోజన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వులో. అందుకే డాక్టర్లు ముందు బరువు, షుగరు గురించే అడుగుతారు. బ్యాక్టీరియా వాటా ఎంతో ఇంకా తేలలేదు. క్యాన్సర్ ఉన్నవాళ్ల పేగుల్లో తేడా కనిపించినా, అది కారణమో, బరువు వల్ల వచ్చిందో విడదీయడం కష్టం.

“రోజూ గడ్డపెరుగు తినేదాన్నే కదమ్మా, నాకెందుకొచ్చింది?” అని అమ్మ డాక్టరమ్మనే అడిగేసింది. “పెరుగు మానకండి, మందని మాత్రం అనుకోకండి” అన్నారావిడ. గుళికలదీ అంతే, ఈ క్యాన్సర్‌ని ఆపుతాయన్న రుజువు లేదు.

నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క మరక కనిపించినా చూపించాలి. లంగా మీద లేత గులాబీ మరకకి చుట్టాలంతా ‘వేడి చేసింది’ అన్నారు, అమ్మ వినలేదు, అదే మంచిదైంది. అలా మరక కనిపించినవాళ్లకి కింది నుంచి చేసే స్కానింగులో పొర 4 మిల్లీమీటర్లు దాటితే మామూలుగా బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేస్తారు. పాప్ స్మియర్ నార్మల్ వచ్చిందని ఊరుకోకండి, అది గర్భసంచి ముఖద్వారం కోసం చేసేది.

అన్నట్టు, పేగుకీ గర్భసంచికీ గట్టిగా రుజువైన చుట్టరికం వేరే ఉంది, దాన్నెవరూ వాట్సాప్‌లో పంపరు: లించ్ సిండ్రోమ్. వంశంలో దిగే ఈ జన్యులోపం ఉంటే పెద్దపేగు క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ రెండింటి ముప్పూ బాగా ఎక్కువ. మా మేనమామకి 50 ఏళ్ల లోపే పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందని చెప్పగానే అమ్మ బయాప్సీ ముక్కని ఆ పరీక్షకీ పంపారు. మీ అమ్మగారి పుట్టింట్లో అలాంటివాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కుని, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు తప్పకుండా చెప్పండి.