కిట్టులో ఉన్నది ఏ ఇంజన్? జిగురు ముట్టుకునే ముందు చూడాల్సినవి

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు అందాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న అమెరికన్ కారు ప్లాస్టిక్ మోడల్ కిట్టు, సూచనల కాగితం లేదు, డబ్బా మీద ఇంజన్ గురించి ‘వీ8’ (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు) అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. అది నిజంగా ఏ ఇంజనో తేలేదాకా జిగురు మూత తీయకు. హెడ్లు (సిలిండర్లను పైన మూసే భాగాలు), మానిఫోల్డు (వాటికి గాలి పంచే గొట్టాల భాగం) అతికేశాక గుర్తులు సగం కనబడవు. అప్పుడు రంగు తప్పుతుంది, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తప్పు చోట పడుతుంది, ప్లగ్గు వైర్లు తప్పుతాయి.

ముందు స్కేలు తేల్చుకో. అమెరికన్ కిట్లలో 1/25, 1/24 రెండూ ఉన్నాయి. పైకి తేడా తెలియదు గానీ ఇంజన్ కొలిచేటప్పుడు కొంప ముంచుతుంది. అసలు కారు వీల్‌బేస్ తెలుసుకుని, కిట్టులో ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి భాగించు. 1932 ఫోర్డు వీల్‌బేస్ 106 అంగుళాలు, అంటే 2692 మిల్లీమీటర్లు. కిట్టులో 108 దగ్గర వస్తే 1/25, 112 దగ్గర వస్తే 1/24.

ఎడమ, కుడి ఎప్పుడూ డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నట్టుగా లెక్క. ‘డ్రైవర్ వైపు’ అని ఎక్కడైనా చదివితే, అమెరికా కార్లలో అది ఎడమ. మన కార్లకు అలవాటుపడిన బుర్ర అక్కడ తడబడుతుంది.

ఇక అన్నిటికంటే ముందు వెతకాల్సింది డిస్ట్రిబ్యూటర్ చోటు. ఆ ముక్క చేతిలో లేకపోయినా దాన్ని గుచ్చే రంధ్రం బ్లాకులోనో (సిలిండర్లు ఉండే మొండెం) మానిఫోల్డులోనో ఉంటుంది. వెనక, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య గోడ) వైపు ఉంటే షెవర్లే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, క్రైస్లర్ చిన్న బ్లాకు (273, 318, 340, 360; ఈ అంకెలు ఘనపు అంగుళాల్లో ఇంజన్ సైజు), 1950ల నాటి హెమీలు (దహన గది అర్ధగోళంలా ఉండే క్రైస్లర్ ఇంజన్లు). ముందు ఉంటే 1960ల ఫోర్డు వీ8లు, 1966 తర్వాతి ఏఎంసీ (అమెరికన్ మోటార్స్), 1967 తర్వాతి పెద్ద బ్యూయిక్, క్రైస్లర్ పెద్ద బ్లాకు (383, 440), 426 హెమీ. క్రైస్లర్ పెద్ద బ్లాకులో అది ముందు కుడి మూల వాలుగా నిలబడుతుంది. ఈ ఒక్క చూపుతో జాబితా సగానికి తగ్గుతుంది. డిస్ట్రిబ్యూటర్ బదులు రేసు కార్ల మాగ్నెటో (బ్యాటరీ లేకుండా స్పార్కు ఇచ్చేది) ఇచ్చినా చోటు మారదు. డిస్ట్రిబ్యూటరే లేకుండా వాల్వ్ కవర్ల (హెడ్ల మీది మూతలు) మీద కాయిళ్లు వరసగా కూర్చుని ఉంటే అది 1997 కార్వెట్‌తో వచ్చిన జనరల్ మోటార్స్ ఎల్ఎస్ కుటుంబం కావచ్చు.

తర్వాత హెడ్డు పక్కన ఎగ్జాస్టు రంధ్రాలు. చిన్న బ్లాకు షెవర్లే (ఇకపై చిన్న షెవర్లే) హెడ్డులో నాలుగింటిలో మధ్య రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని, చివరివి రెండూ దూరంగా ఉంటాయి. క్రైస్లర్ వెడ్జ్ ఇంజన్లు (దహన గది చీలలా ఏటవాలుగా ఉండేవి), పాంటియాక్ కూడా ఇదే పద్ధతి. పెద్ద షెవర్లే (396, 427, 454), చిన్న ఫోర్డు (289, 302) అయితే నాలుగూ ఇంచుమించు సమదూరం. ఒక్కో పక్కకి మూడే ఉండి, హెడ్డు పలక మాదిరిగా చదునుగా, వాల్వ్ కవరే లేకుండా ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, అది 1932 నుంచి 1953 వరకు వచ్చిన ఫోర్డు ఫ్లాట్‌హెడ్.

వాల్వ్ కవర్ల మీద బోల్టులు లెక్కపెట్టు. చిన్న షెవర్లేకి 4, పెద్ద షెవర్లేకి 7, చిన్న ఫోర్డుకి 6, ఫోర్డు 351 క్లీవ్‌లాండ్‌కి 8, క్రైస్లర్ చిన్న బ్లాకుకి 5. చిన్న షెవర్లే కవర్లలో పై బోల్టులు, కింది బోల్టులు ఎదురెదురుగా కాక కాస్త పక్కకి జరిగి ఉంటే అది 1959 లోపుది. మానిఫోల్డు ముందు భాగాన నూనె పోసే గొట్టం నిలబడి ఉంటే 1967 దాకా వచ్చినది. షెవర్లే కవరు అంచులు డబ్ల్యూ అక్షరంలా వంకరలు తిరిగితే అది 348 లేదా 409.

బోల్టులు క్రోమ్ పూత కింద మూసుకుపోయి కనబడకపోతే బట్టలకు వాడే బ్లీచ్ ద్రవంలో ఆ ముక్కని నానబెట్టు. పూతని బట్టి కొన్ని నిమిషాలు, కొన్నిసార్లు కొన్ని గంటలు. గ్లవ్స్ వేసుకో, కిటికీ తెరిచి పెట్టుకో. అందులో వేరే క్లీనర్ ఏదీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ముక్క ఆరాక టార్చి వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి, ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి చూడు. ఎదురు వెలుగులో కనబడని బోల్టు తల నీడతో బయటపడుతుంది.

ఫోర్డు ఎఫ్ఈ అనే ఇంజన్ కుటుంబం (352, 390, 427, 428) గుర్తు నాకు చాలా ఇష్టం. మిగతా ఇంజన్లలో వాల్వ్ కవరు పూర్తిగా హెడ్డు మీదే కూర్చుంటుంది. ఎఫ్ఈలో ఇన్‌టేక్ మానిఫోల్డు హెడ్డు మీదికి అంత దూరం వెళ్తుంది కాబట్టి కవరు లోపలి అంచు మానిఫోల్డు మీద ఆనుతుంది. కిట్టులో అది పలుచని గీతలా కనబడుతుంది: కవరు కింద హెడ్డు, మానిఫోల్డు కలిసే అతుకు. ఆ గీత ఉంటే ఫోర్డు ఎఫ్ఈయే.

కుటుంబం తేలాక సైజు అడుగుతావు. ఇక్కడ ప్లాస్టిక్ అన్నీ చెప్పదు. 283, 327, 350 బయటికి ఒకేలా ఉంటాయి. 396, 427, 454 కూడా అంతే. కారు ఏ సంవత్సరానిదో, ఎయిర్ క్లీనర్ డెకాల్ (అతికించే బొమ్మ స్టిక్కరు) ఏమంటుందో చూసి నిర్ణయించుకోవాలి. 350 మొదట వచ్చింది 1967లో, కాబట్టి 1962 కారులో అది ఉంటే ఎవరో తర్వాత మార్చి పెట్టిందన్నమాట. బ్లాకు ఎత్తు మారే చోట మాత్రం కొలత పనికొస్తుంది. ఫోర్డు 351 విండ్సర్ బ్లాకు 302 కంటే సుమారు 32 మిల్లీమీటర్లు ఎత్తు, 1/25లో 1.3. క్రైస్లర్ 440 బ్లాకు 383 కంటే 19 ఎత్తు, 1/25లో ముప్పావు మిల్లీమీటరు. ఎత్తు పెరిగితే రెండు హెడ్ల మధ్య ఎడం పెరుగుతుంది, మానిఫోల్డు వెడల్పవుతుంది. చిన్న షెవర్లే, చిన్న ఫోర్డుల మధ్య తేడాని పొడవుతో తేల్చబోకు. సిలిండర్ల మధ్య దూరం ఒకదానిది 4.40 అంగుళాలు, రెండోదానిది 4.38. ఏ కాలిపరూ కిట్టు మీద ఆ తేడా పట్టలేదు.

ఇప్పుడు నీ ఇంజన్. మూడో ఫొటోలో వాల్వ్ కవరు వెడల్పుగా ఉంది, దాని మధ్య గీత వెంట నాలుగు గుంటలు సమదూరంలో ఉన్నాయి. అవి ప్లగ్గులు దిగే గొట్టాలు, కాబట్టి ఇది హెమీ. పైన 6-71 బ్లోయర్ (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) ఉండటంతో మానిఫోల్డు ఆనవాళ్లు దొరకవు, దాన్ని పక్కన పెట్టు. నాలుగో ఫొటోలో బ్లాకు వెనక అంచున గుండ్రటి రంధ్రం ఉంది, ముందు కుడి మూల ఏమీ లేదు. అందుకే డబ్బా అమ్మినతను చెప్పిన 426ని నేను నమ్మను. ఇది 1950ల క్రైస్లర్ హెమీ.

వెర్నియర్ కాలిపర్‌తో మొదటి గుంట మధ్య నుంచి నాలుగో గుంట మధ్యకి కొలువు. 331, 354, 392 మూడింటికీ సిలిండర్ల ఎడం 4.5625 అంగుళాలే, మూడు ఎడాలు కలిపితే 1/25లో 13.9 మిల్లీమీటర్లు. 426కి 4.80, అంటే 14.6. క్రైస్లర్ కంపెనీవే అయిన డిసోటో హెమీ 13.1, డాడ్జ్ హెమీ 12.8. జాగ్రత్త, 392 హెమీని 1/24లో చేస్తే 14.5 వస్తుంది, అది 1/25లోని 426 అనిపిస్తుంది. స్కేలు ముందే తేల్చుకోమన్నది అందుకే. మధ్య బిందువు కంటితో పట్టడం కష్టం. మొదటి గుంట ఎడమ అంచు నుంచి నాలుగో గుంట ఎడమ అంచుకి కొలిస్తే అదే లెక్క. రెండు కవర్లూ కొలిచి, ఒక్కోటి మూడుసార్లు, సగటు తీసుకో. అచ్చు చేసినవాళ్లు బానెట్ కింద పట్టడానికి ఇంజన్‌ని కాస్త కుదించడం కూడా ఉంది, కాబట్టి 0.2, 0.3 అటూ ఇటూ అయితే కంగారు పడకు. 0.7 తేడా వస్తే మాత్రం వేరే ఇంజనే.

13.9 వస్తే మూడింట్లో 392 ఏదో బ్లాకు ఎత్తు చెబుతుంది. 392 మిగతా రెండింటికంటే ఎత్తు, హెడ్ల మధ్య ఎడం ఎక్కువ. బ్లాకు వెనక బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సు అతికే గంట ఆకారపు భాగం) బ్లాకుతోనే పోతపోసినట్టు పొడుచుకొచ్చి ఉంటే అది 1953 లోపు 331.

వైర్లకి 0.3 మిల్లీమీటర్ల తీగ చాలు, అసలు వైరు 7 మిల్లీమీటర్లు కాబట్టి. క్రైస్లర్‌లో ఎడమ వరస ముందు నుంచి 1, 3, 5, 7, కుడి వరస 2, 4, 6, 8. డిస్ట్రిబ్యూటర్ మూత చుట్టూ వరస 1-8-4-3-6-5-7-2. హెమీలో వైరు కవరు పైనే గొట్టంలోకి దిగుతుంది, కవరు కింద నుంచి తీసుకెళ్లకు. కొలతలు రాగానే నాకు రాయి, ఆ తర్వాతే బ్లాకు అతుకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న