హారో అడ్రసులో 'మిడిల్‌సెక్స్' రాయాలా? అసలు అలాంటి కౌంటీ ఇప్పుడు ఉందా?

మీరు అడిగింది ఇది: అక్కవాళ్లు లండన్‌లోని హారోకి మారి, అడ్రసులో ఊరి పేరు తర్వాత 'మిడిల్‌సెక్స్' అని రాసి పంపారు. నెట్‌లో వెతికితే ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) 1965లోనే రద్దయిందని ఒకచోట, అమెరికాలో ఉందని ఇంకోచోట కనిపించింది. పార్సిల్ మీద రాయాలా, వద్దా?

నెట్‌లో మీకు కనిపించినవి రెండూ నిజమే. నేను మొదట తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఉండి, తర్వాత హారోకి వచ్చాను. ఈస్ట్ హామ్‌లో ఉన్నప్పుడు అడ్రసులో ఊరి పేరు బదులు 'లండన్ ఇ6' అని రాసేవాళ్లం. హారోకి రాగానే లండన్ పోయి మిడిల్‌సెక్స్ వచ్చింది. రెండు చోట్లకీ మేయరు ఒక్కరే, ఎక్కేది అదే ట్యూబ్ రైలు, మరి అడ్రసులో ఈ తేడా ఎందుకని నాకూ అప్పట్లో అర్థం కాలేదు.

ముందు పేరు సంగతి. చివరి ముక్క చూసి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఫోన్‌లో అడ్రసు చదవడానికే మొహమాటపడతారు, అందుకే చెప్తున్నాను. ఆ ముక్క సాక్సన్లది. రోమన్లు వెళ్లిపోయాక ఇంగ్లండులో స్థిరపడ్డ జాతి అది. తూర్పు సాక్సన్ల నేల ఎసెక్స్, దక్షిణాన ఉన్నవాళ్లది ససెక్స్, పడమటివాళ్లది వెసెక్స్, నడిమివాళ్లది మిడిల్‌సెక్స్. క్రీ.శ. 704 నాటి దానపత్రంలో ట్వికెన్‌హామ్ దగ్గరి భూమి గురించి రాస్తూ ఈ పేరు వాడారు. అంటే పదమూడు వందల ఏళ్ల పైబడిన పేరు. మిడిల్‌సెక్స్ జెండా మీద, ఎర్రటి నేల మీద, కిరీటం కింద ఒకదాని కింద ఒకటిగా మూడు వంపు కత్తులు కనిపిస్తాయి. వాటిని సియాక్స్ అంటారు, సాక్సన్లకు ఆ పేరు ఆ కత్తి నుంచే వచ్చిందంటారు.

దక్షిణాన థేమ్స్, తూర్పున లీ, పడమట కోల్న్ నదులు పాత మిడిల్‌సెక్స్ ఎల్లలు. లండన్ పెరిగేకొద్దీ ఇది తరిగిపోయింది. 1889లో లండన్ కౌంటీ ఏర్పాటు చేసినప్పుడు నగరానికి ఆనుకుని ఉన్న భాగం పోయింది. 1965 ఏప్రిల్ 1న మిగిలినదాంట్లో చాలా భాగం గ్రేటర్ లండన్‌లో, అంటే ఇప్పటి లండన్ మహానగరంలో, కలిసింది. స్టెయిన్స్, సన్‌బరీ సర్రేకి, పాటర్స్ బార్ హర్ట్‌ఫర్డ్‌షైర్‌కి వెళ్లాయి. ఆరోజుతో మిడిల్‌సెక్స్ కౌంటీ కౌన్సిల్ అయిపోయింది.

అయినా అడ్రసుల్లో పేరు ఎందుకు మిగిలిందంటే, తపాలా శాఖ (రాయల్ మెయిల్) వాళ్లు ఆ మార్పుని పట్టించుకోలేదు. లండన్ తపాలా జిల్లాలు 1850ల్లోనే గీసినవి. ఇ6, ఎన్‌డబ్ల్యూ9 లాంటివి వాటి నుంచి వచ్చినవే. ఈస్ట్ హామ్ వాటి లోపల పడింది కాబట్టి, అది 1965 దాకా ఎసెక్స్‌లో ఉన్న ఊరైనా, దాని అడ్రసు లండనే. హారో, వెంబ్లీ, సౌతాల్, హౌన్స్‌లో, ఎన్‌ఫీల్డ్ ఆ గీతలకు బయట ఉన్నాయి. గ్రేటర్ లండన్ ఏర్పడ్డాక కూడా రాయల్ మెయిల్ ఆ ఊళ్లకి మిడిల్‌సెక్స్ అనే రాయమంది. చివరికి 1996లో, ఊరి పేరు, పోస్ట్‌కోడ్ ఉంటే చాలు, కౌంటీ అక్కర్లేదని తేల్చింది. అప్పటికే జనానికి అలవాటైపోయింది. మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ కవరు మీద 'మిడ్‌ఎక్స్' అని పొట్టిగా రాస్తారు. నా బ్యాంకు కాగితాల మీద మిడిల్‌సెక్స్ ఉంది, లైసెన్సు మీద లేదు. దానివల్ల నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

అడ్రసు ఒక్కటే కాదు, ఇంకా చాలాచోట్ల ఈ పేరు బతికే ఉంది. 1864లో మొదలైన మిడిల్‌సెక్స్ క్రికెట్ క్లబ్ ఇప్పటికీ లార్డ్స్‌లో ఆడుతుంది. హెండన్‌లో మిడిల్‌సెక్స్ యూనివర్సిటీ ఉంది, మన పిల్లలూ అక్కడ చదువుతున్నారు. పార్లమెంటు ఎదురుగా ఉన్న మిడిల్‌సెక్స్ గిల్డ్‌హాల్ ఒకప్పుడు కౌంటీ కౌన్సిల్ భవనం, 2009 నుంచి బ్రిటన్ సుప్రీంకోర్టు అందులోనే నడుస్తోంది. లండన్ వెళ్తే ఆ భవనం తప్పక చూడండి. కౌన్సిల్ పోయినంత మాత్రాన ఊరు పోదని ఇక్కడివాళ్లు గట్టిగా నమ్ముతారు, ఏటా మే 16న మిడిల్‌సెక్స్ డే జరుపుకుంటారు. నేనూ వాళ్లతో ఏకీభవిస్తాను. అడ్రసులో అవసరం లేకపోయినా నేను రాస్తూనే ఉంటాను.

అయితే ప్రభుత్వ పనుల్లో మాత్రం ఈ పేరు పనికిరాదు. కౌన్సిల్ ట్యాక్స్, స్కూలు సీటు, చెత్త డబ్బాలు, ఏదైనా హారో కౌన్సిల్‌నే అడగాలి. 'మిడిల్‌సెక్స్ కౌన్సిల్' అని వెతికితే దొరకదు.

ఇక అమెరికా సంగతి. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని ఎడిసన్ మిడిల్‌సెక్స్ కౌంటీలోదే. అది ఇక్కడి నుంచి వెళ్లిన పేరే, కానీ అక్కడ కౌంటీ ప్రభుత్వం ఇప్పటికీ పనిచేస్తోంది. బంధువులు రెండుచోట్లా ఉంటే కొరియర్ వాళ్లకి దేశం పేరు స్పష్టంగా చెప్పండి.

మీ పార్సిల్ మీద ఇలా రాయండి: అక్క పేరు, ఇంటి నంబరు, వీధి, హారో, పోస్ట్‌కోడ్, యునైటెడ్ కింగ్‌డమ్. పోస్ట్‌కోడ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా పచ్చళ్లు వేరే వీధికి పోతాయి, దాన్ని మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి. మన కొరియర్ ఫారంలో 'రాష్ట్రం' అనే గడి ఖాళీగా వదలనివ్వరు. అందులో ఇంగ్లండ్ అని రాయండి. మిడిల్‌సెక్స్ అని రాసినా చేరుతుంది, మా అమ్మ ఎప్పుడూ అలాగే రాసి పంపుతుంది.